రూపాయి చెప్పి నాలుగణాలకిచ్చిన నాటకం

నాటకం టిక్కెట్టును బేరం పెట్టి అమ్మిన మనిషి ఈ నగరంలో నేనొక్కదాన్నే. నాకు ముందు ఎవరికీ తోచలేదు, నా తర్వాత ఎవరికీ ధైర్యం చాలలేదు. బొంబాయి కంపెనీలు వచ్చాయి, డేరాలు వేసుకుని తిరిగే జట్లు వచ్చాయి, తెరమీద బొమ్మలు మాట్లాడటం మొదలుపెట్టాయి. అందరూ బోర్డు మీద రేటు రాసి, కిటికీలోంచి చెయ్యి చాపి, పైసలు పుచ్చుకుని టిక్కెట్టు చించి ఇచ్చినవాళ్ళే. అంత తెలివితక్కువ వ్యాపారం చేస్తూ కూడా వాళ్ళెలా బతుకుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు. అందుకని ఒకే ఒక్క నాటకానికి అమ్మకం నా చేతిలోకి తీసుకుని, లాడ్ బజార్ పద్ధతి ఏమిటో లోకానికి చూపించాను. లోకం చూసింది.

మాది గాజుల దుకాణం. చుట్టూ లక్క గాజుల వాళ్ళు, వాళ్ళ మధ్యలో మట్టి గాజులు అమ్ముకునే మేము. పెళ్ళయిన రెండో ఏటికే భర్త పోయి నేను పుట్టింటికి వచ్చేస్తే, బాపు నన్ను దుకాణంలో ఆడవాళ్ళకు గాజులు తొడగడానికి కూచోబెట్టాడు. గాజులు వేసుకోకూడని చేత్తో గాజులు తొడిగించుకోవడమా అని కొందరు ముత్తయిదువలు మొహం తిప్పుకున్నారు. బాపు డజనుకు ఒక అణా తగ్గించాడు. అటు తిరిగిన మొహాలన్నీ ఇటు తిరిగాయి. శాస్త్రం ఎంత బరువుంటుందో నాకు ఆ రోజే తూకంలో తెలిసింది: ఒక అణా.

అసలు ధర అనేది బాపు కడుపులో ఉండేది. నోటితో చెప్పేది దానికి రెట్టింపు. కొనేవాళ్ళు చెప్పినదాంట్లో సగానికి అడుగుతారు, మేము గుండె బాదుకుంటాం, వాళ్ళు లేచి నాలుగడుగులు వేస్తారు, మేము వెనక్కి పిలుస్తాం. ఇందులో మోసం లేదు. ఇరువైపులా గెలిచామనుకుని ఇంటికి పోతారు. ఇంతకన్నా మంచి నాటకం ఏ కంపెనీ ఆడుతుంది?

ఇక ఆమె సంగతి. తండ్రి జపానువాడు, సర్కసులో తీగ మీద నడిచేవాడు. తల్లి మన తెలుగు కిరస్తానీ మనిషి, రైల్వే దొరల ఇళ్ళలో ఆయా. దబీర్‌పురా స్టేషను వెనక పుట్టింది ఆమె. ఊహ తెలియకముందే తండ్రి తీగ మీదనుంచి పడి పోయాడు. ఆమెకు తల్లి తెలుగు వచ్చు, గల్లీ ఉర్దూ వచ్చు, జపాను మాట ఒక్కటి రాదు. మొహం మాత్రం అచ్చు తండ్రిది. నోరు మూసుకుంటే సముద్రాల అవతలి మనిషి, తెరిస్తే దబీర్‌పురా.

ఆ మొహంతో ఆమె బతుకు బండి నడిచిన తీరు చెప్పాలి. చిన్నప్పుడు సర్కసులో గుర్రం మీద నిలబడింది. ఎదిగాక బొంబాయి పోయి మూగ సినిమాల్లో వేసింది. సినిమాలు మాట్లాడటం మొదలుపెట్టగానే, ఈమె నోరు ఈమె మొహానికి అతకడం లేదని ఇంటికి పంపేశారు. తిరిగొచ్చి ఇక్కడి నాటకాల కంపెనీలో చేరింది. అక్కడ చీనా రాజు కూతురు, బర్మా మంత్రగత్తె, పాతాళంలోని నాగకన్య, పేరైనా లేని రాక్షసి వేషాలు ఇచ్చారు. ఆ మొహం మీద భూగోళమంతా తిప్పారు, ఒక్క హైదరాబాదు తప్ప. ఏ వేషమైనా మూడో అంకానికి ముందు చావాలి, నాయకుడికి మనవైపు పిల్లనిచ్చి పెళ్ళి చేయాలి కాబట్టి. విషం గిన్నె ఎత్తి తాగి, పగలబడి నవ్వి, కొయ్యబల్లలా వెల్లకిలా పడేది. సర్కసులో నేర్చిన విద్య అది. జనం ఈలలు వేసి ‘వన్స్ మోర్’ అంటే లేచి, దుమ్ము దులుపుకుని, మళ్ళీ నవ్వి మళ్ళీ చచ్చేది. ఊళ్ళో ఆమె చావుకున్న గిరాకీ ఏ కథానాయిక పెళ్ళికీ లేదు.

కంపెనీ కవిగారు రాసే సంభాషణలు నోరు తిరక్క ఏడిపిస్తుంటే వాటినీ ఆమే తిరగరాసేది. చప్పట్లు వస్తే శాలువా కవిగారికి పోయేది. చలికాలంలో ఆ శాలువా కప్పుకుని ఆయన మా దుకాణం ముందు నుంచే నడిచేవాడు.

ఆమె మా దుకాణానికి గాజుల కోసం వచ్చేది. బాగా బేరం చేసేది; మా బాపుకు ఆమె మీద గౌరవం అలా ఏర్పడింది. ‘గా చీనామె అచ్చిందా?’ అని అడిగేవాడు. ‘చీనా కాదు బాపూ, జపాను’ అంటే, ‘ఏదైతేంది, అణాకు అణా తగ్గిస్తది’ అనేవాడు.

అంతలో జపాను యుద్ధంలోకి దిగింది. రంగూను మీద బాంబులు పడుతున్నాయని పత్రికల్లో వచ్చింది. ఓడల మీద వచ్చే జపాను గాజులు ఆగిపోయాయి. మా వెనక గదిలో పెట్టెలకు పెట్టెలు పాత సరుకుంది. మేము ‘జపాను’ అన్న ముద్ర కాగితం గీకేసి, ధర పెంచి, ‘విలాయతీ సరుకు’ అని అమ్మాం. ఎగబడి కొన్నారు. జపాను గాజు తొడుక్కున్న చేతులతోనే జపానును శపించారు. ఆ రోజుల్లో నేను సంపాదించినంత ముందూ వెనకా ఎన్నడూ సంపాదించలేదు. ఆమెకు మాత్రం వారం వారం పోలీసు కొత్వాలీకి పోయి మొహం చూపించి రావలసిన పని పడింది. గాజుకున్న ముద్ర కాగితం గీకితే పోయింది.

ఒక పొద్దున మేమప్పుడే దుకాణం తీసి, ఊదుబత్తి వెలిగిస్తున్నాం. ఆమె వచ్చి గద్దె మీద కూర్చుంది.

‘బోణీ అయ్యిందా అక్కా?’

‘కాలే. నువ్వే బోణీ. ఏం గావాలె?’

‘గాజులొద్దు. షరీకు గావాలె. నాటకం పెడుతున్న, సగం పైసలు నువ్వు పెట్టాలె.’

కంపెనీ సేఠ్ ఏమన్నాడో చెప్పింది. చెప్పడం కాదు, ఆడి చూపింది. పొట్ట ముందుకు పెట్టి, ముక్కుతో గాలి వదిలి, అచ్చం సేఠే. ‘అరే, ఇప్పుడు నీ మార్కెట్ ఖుల్‌గయా! జపాన్ రాక్షసి వేషం. పిల్లల్ని నమిలి తినాలె. దొరలు గూడ వస్తరు, యుద్ధం ఫండుకు ఆట.’

‘నువ్వేమన్నవ్?’

‘ఇన్నేండ్లు నన్ను చీనా అని అమ్ముకున్నవ్, జపాన్ అని గూడ అమ్ముతవా, దబీర్‌పురా అని ఎప్పుడమ్ముతవ్ సేఠ్ అన్న. దబీర్‌పురా మొహాన్ని చూసేతందుకు టికెట్టెందుకు, గల్లీలకు పోతె ముఫత్‌ల కనిపిస్తది అన్నడు. లేచొచ్చిన.’

తనే ఒక నాటకం రాసుకుందట. అందులో రాజులు లేరు, విషం లేదు. గాజులమ్మే ఒక కోడలు, మంచం పట్టిన ఒక అత్త. దుకాణంలో ఎవరు ముందు కూర్చోవాలన్నదాని మీద జీవితమంతా కొట్లాడుకున్నవాళ్ళు. కోడలు వేషం తనది.

‘ఒక్కసారి అక్కా. మొదట్నుంచి ఆఖరు దాంక, నన్ను మన గల్లీ ఆడిదాన్ని లెక్క చూడాలె జనం. ఒక్కసారి చూస్తె సాలు. అటెన్క ఏ రాక్షసైనా ఏస్త, ఫికర్ లేదు.’

నాకు నాటకాల సంగతి తెలియదు. లేదని చెప్పడానికి నోరు తెరిచాను. లోపలినుంచి బాపు కేక పెట్టాడు: ‘బోణీ బేరం బిడ్డా! లేదనకు! జర తక్కువకైన ఇచ్చెయ్!’ వచ్చినామె అడిగేది గాజులే అని ఆయన నమ్మకం. మా బజారులో బోణీ మనిషిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా గల్లా ఖాళీ. విలాయతీ సరుకు అంత జోరుగా పోతున్న రోజున ఎవరు పంపుతారు? ఒప్పుకున్నాను. అయితే ఊరికే ఒప్పుకుంటే నేను మా బాపు కూతుర్నెలా అవుతాను? ఒక షరతు పెట్టాను. నష్టమొస్తే చెరిసగం, టిక్కెట్ల అమ్మకం మాత్రం పూర్తిగా నాది.

‘నాటకానికి రేటు బోర్డు మీద రాస్తరక్కా.’

‘రేటు రాసి పెడితె గది దుకాణం కాదు, పోస్టాఫీసు. అమ్ముడు నాకిడిసిపెట్టు. నువ్వు ఆడుడు చూస్కో.’

ఆమె సరే అంది. బాపుకు అసలు సంగతి తెలిసేటప్పటికి సాయంత్రమైంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున, ‘టికెటుకు ఎంత జెప్తున్నవ్?’ అన్నాడు. రక్తం ఊరుకోదు.

ఆ తర్వాత ఆమె మధ్యాహ్నాలు దుకాణంలో నా పక్కన కూర్చుని పని నేర్చుకుంది. చేతికి సబ్బు నురగ పట్టించడం, బొటనవేలిని అరచేతిలోకి మడిచి మెటికలు దగ్గరికి నొక్కడం, నొప్పి తెలియకుండా మాటల్లో పెట్టడం. నాటకంలో ముఖ్యమైన ఘట్టం అదేనట. అత్త వాచిన చేతికి కోడలు ఒక చిన్న గాజు ఎక్కించాలి. ఎక్కిస్తూ ఇద్దరూ చివరిసారిగా తిట్టుకోవాలి. పగలకుండా ఎక్కాలి. ఆ గాజు ఎక్కేటప్పుడు వచ్చే చప్పుడు కూడా చివరి బెంచీకి వినపడాలి అనేది.

ఆ అత్త వేషం జీవితమంతా ఆడవేషాలే కట్టిన ఒక ముసలాయనది. నడక, చూపు, సన్నగొంతు, అన్నీ అత్తగారివే. చేతులు మాత్రం రాళ్ళెత్తే కూలీవి. ఆయన చేతికి పట్టే గాజు బజారంతా వెతికినా దొరకలేదు. చివరికి లక్క గాజుల ఉస్తాద్ దగ్గరికి పోతే, ‘యే హాథ్ హై కి పావ్?’ అని, అది చెయ్యో కాలో తెలియక ఆశ్చర్యపోయాడు. మా పెట్టెల అడుగున ఒకే ఒక పెద్ద గాజు దొరికింది. జపాను సరుకే.

నయాపూల్ అవతల ఒక హాలు కుదుర్చుకున్నాం. ఆట ఆడుకోవడానికి సర్కారు ఇజాజత్ తెచ్చుకున్నాం. నేను టిక్కెట్టుకు రూపాయి అని మొదలుపెట్టాను.

దుకాణంలో ఎన్ని పండుగల అమ్మకాలు చేసి ఉంటాను! అంత సరదా ఎప్పుడూ పడలేదు. గాజులకు వచ్చిన ప్రతి మనిషికీ టిక్కెట్టు చూపించేదాన్ని.

‘నాటక్? క్యా భావ్?’

‘ఏక్ రుపయా, బీబీ.’

‘తోబా! చారానే.’

‘చారానేకు పర్దా కూడా లేవదు బీబీ. పన్నెండణాలియ్యుండ్రి.’

లేచేవాళ్ళు లేచారు, వెనక్కి పిలిస్తే వచ్చారు. ఒకామె రెండు డజన్ల గాజులు కొని, కొసరుగా టిక్కెట్టడిగింది. ఇచ్చాను. పాల మనిషి ఒకడు ఆరణాలకు బేరం తెంపి, పిల్లలిద్దరినీ ఒళ్ళో కూచోబెట్టుకుంటానన్నాడు. సరేనన్నాను. కచేరీలో పనిచేసే ఒక బాబు మాత్రం బేరం ఆడటం నామోషీ అనుకుని పన్నెండణాలు పెట్టి పోయాడు. అతణ్ణి చూసి జాలిపడ్డాను కూడా. ఆట రోజున హాలు గుమ్మం దగ్గర బాపు నిలబడి మిగిలిన టిక్కెట్లను, పొద్దుగూకే వేళ కూరగాయలు ఊడ్చి అమ్మినట్టు, నాలుగేసి అణాలకు అమ్మేశాడు. బెంచీ లేదు, మెట్టు లేదు, నిండిపోయింది. తెర పక్కన నిలబడి ఆ తలకాయలు చూస్తుంటే సేఠ్ మీద నాకెంత జాలి కలిగిందో!

తెర లేచింది. మొదట ఈలలు వచ్చాయి. ‘రాక్షసి వచ్చింది రోయ్!’ అని ఎవరో అరిచారు. ఆమె గాజుల మలారం బుజాన వేసుకుని నడిచొచ్చి, మా బాపు లాగే ధర చెప్పి, నాలాగే గుండె బాదుకుంది. జనం నవ్వారు. ఆ నవ్వు వేరు. పక్కింటి మనిషిని చూసి నవ్వే నవ్వు అది. పరదా వెనక ఆడవాళ్ళు ‘అయ్యో, గట్లనే అంటది మా అత్త!’ అనుకోవడం వినిపించింది. కాసేపటికి ఈలలు పూర్తిగా ఆగిపోయాయి. ఆమె మొహం ఎవరిదో అక్కడ ఎవరికీ గుర్తులేదు. నాకూ గుర్తులేదు.

గాజు ఘట్టం వచ్చింది. ముసలాయన మంచం మీద చెయ్యి చాపాడు. ఆమె సబ్బు రుద్దింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. కదిలితే బెంచీ కిర్రుమంటుందేమోనని జనం కదలడం కూడా మానేశారు. అంత నిశ్శబ్దంలో గుసగుస కూడా కేకలా వినపడుతుంది. రెండో వరసలో పాల మనిషి పక్కన కచేరీ బాబు కూర్చున్నాడు.

‘మంచిగున్నది కద బాబూ, ఆరణాలకు?’

‘ఆరణాలేంది? నేను పన్నెండిచ్చిన.’

‘పన్నెండా!’ వెనకనుంచి ఇంకొకడు నవ్వాడు. ‘నేను చారానేకు అచ్చిన భాయ్, ఇప్పుడే గుమ్మం కాడ.’

బాబు లేచి నిలబడ్డాడు. ‘ఒక్క బెంచి మీద మూడు రేట్లా? గిది నాటకమా, జుమ్మేరాత్ సంతనా?’

‘మా ఆడోళ్ళకు ముఫత్‌ల దొరికింది, గాజుల మీద కొసరు’ అన్నాడు మరొకడు, గర్వంగా. అంతే. హాలంతా ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. తక్కువిచ్చినవాళ్ళు ఎక్కువిచ్చినవాళ్ళను ఎగతాళి చేశారు, ఎక్కువిచ్చినవాళ్ళు బెంచీలెక్కారు. మస్తు లొల్లి. ‘ఫరక్ వాపస్ దేవ్! ఫరక్ వాపస్!’ అని తేడా పైసలు అడిగారు. బజారులో కొన్నవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఎవడెంతకు కొన్నాడో ఇంకొకడికి తెలియదు. కొన్నవాళ్ళందరినీ ఒకే కప్పు కింద, పక్కపక్కన, మూడు గంటలు కూర్చోబెట్టి వ్యాపారం చేసిన బేరగాడు మా వంశంలో నాకు ముందు లేడు.

ఆమె ఇంకా మాటలు చెబుతూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి, వినపడటం లేదు. తెర దించేశారు. బయట బాపు వాపసుల మీద కూడా బేరమాడుతున్నాడని తెలిసి ఇంకా రెచ్చిపోయారు. చివరికి జనంలోంచే ఒక పెద్దమనిషి లేచి రాజీ చెప్పాడు: ‘పైసలొద్దు, ఏమొద్దు. ఆమెను గా విషం తాగి నవ్వేది చెయ్యమనుండ్రి. పైసలు వసూలైతయ్.’ హాలంతా ‘ఔనౌను’ అంది.

మంచి రాజీ. ఇంతకన్నా తక్కువకు తెగే బేరం కాదది. నేను తెర వెనక్కి వెళ్ళాను. ఆమె ఇంకా మంచం దగ్గరే కూర్చుని ఉంది. ముసలాయన చెయ్యి ఆమె చేతిలో ఉంది, గాజు మెటికల దగ్గర ఆగిపోయి ఉంది.

చెప్పాను.

‘గీ చీరెలనేనా?’ అంది.

‘గీ చీరెలనే. రెండు నిమిషాల పని.’

‘వద్దు బిడ్డా’ అన్నాడు ముసలాయన, ఆయన అసలు గొంతుతో.

‘వద్దంటె టికెట్ల పైసలన్ని వాపసియ్యాలె తాతా. నువ్విస్తవా?’ అన్నాను నేను.

ఆమె వంగి, బొటనవేలు లోపలికి మడిచి, మెటికలు నొక్కింది. గాజు ఎక్కింది. పగల్లేదు. మణికట్టు మీద పడ్డప్పుడు చిన్న చప్పుడైంది. నేనే నేర్పిన పని, నాకన్నా నాజూకుగా చేసింది. ఆ ఘట్టం మొత్తం చూసినవాళ్ళం ఇద్దరమే, ముసలాయనా నేనూ. తర్వాత లేచి సబ్బు చెయ్యి కొంగుకు తుడుచుకుని, మంచం కింది నీళ్ళ చెంబు తీసుకుని తెర ముందుకు పోయింది.

గాజులమ్మే ఆవిడ చీరలోనే విషం తాగింది, నవ్వింది, కొయ్యబల్లలా పడింది. హాలు కూలిపోతుందనుకున్నాను. ‘వన్స్ మోర్!’ లేచింది. మళ్ళీ చచ్చింది. జనం తృప్తిగా ఇళ్ళకు పోయారు. ఒక్క దమ్మిడీ వాపసియ్యలేదు. ఆ సాయంత్రం నా అంత గొప్ప వ్యాపారి లేదనుకుంటూ నేనూ ఇంటికి పోయాను.

మర్నాడు ఆమె వచ్చింది. బొంబాయి పోతున్నానంది. ఏ వేషానికో నేనడగలేదు. లెక్క తేల్చమంది. మొత్తం నష్టం ఎనభై నాలుగు రూపాయలనీ, ఆమె వంతు నలభై రెండనీ చెప్పాను. అలవాటు. ఇరవై అంటుందని, ఇరవై ఒకటి దగ్గర కలుస్తామని చూశాను.

మూట విప్పి పైసలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

‘బేరం జెయ్యవా?’ అన్నాను.

‘చెయ్య. నిన్న చూసిన గద, బేరం జేస్తె ఏమైతదో.’

పెట్టేసి లేచింది. నాలుగడుగులు వేసింది. వెనక్కి పిలవాలి. మా దుకాణంలో నేను పిలవకుండా వదిలేసిన మనిషి ఆమె ఒక్కతే.

హాలు కిరాయి అరవై. వడ్రంగికి, తెరలకు ముప్పై అయిదు. ముసలాయనకు, తక్కిన వేషగాళ్ళకు నలభై. దీపాలకు, అచ్చుకు పదమూడు. ఇజాజత్‌కు, ఇజాజత్ ఇచ్చినవాళ్ళ చాయ్‌కి పన్నెండు. మొత్తం ఖర్చు నూట అరవై. టిక్కెట్ల మీద వచ్చింది నూట పద్దెనిమిది. అసలు నష్టం నలభై రెండు. అందులో ఆమె వంతు ఇరవై ఒకటి. ఆమె ఇచ్చింది నలభై రెండు. అదీ మన నిజాం సర్కారు హాలీ రూపాయల్లో కాదు, బొంబాయిలో దాచుకున్న ఇంగ్లీషు కల్దార్ రూపాయల్లో. ఒక్కో కల్దార్‌కు మన రూపాయి మీద రెండణాల పైచిలుకు మారకం. నష్టమంతా ఆమె మీదే పోగా, మారకం మీద నాకు మిగిలింది ఏడు రూపాయలు లాభం.